చేశాకైనా చెప్పాలి

శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి తూర్పు దిక్కుకు పోతే తుక్కుగూడ, రావిర్యాల, ఆదిబట్ల వరసగా వస్తాయి. పాతికేళ్ల కిందట ఇవి కంచె భూములు, మెట్ట చేలు, చెరువు కింద కాస్త వరి పండే ఊళ్లు. ఇప్పుడు ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన కర్మాగారంలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. అక్కడే టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ సీ-130జే సైనిక రవాణా విమానాల తోక భాగాలు చేస్తోంది. అదానీ గ్రూపు, ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ కలిసి 2018 డిసెంబరులో ప్రారంభించిన ఫ్యాక్టరీ నుంచి హెర్మిస్-900 రకం డ్రోన్లు వస్తున్నాయి. రఫేల్ యుద్ధ విమానాల బాడీ భాగాలు కూడా హైదరాబాద్‌లోనే చేయడానికి దసో, టాటా 2025 జూన్‌లో ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఒక దేశం యుద్ధానికి దిగాలన్నా, మరొకరి యుద్ధానికి ఆయుధం అందించాలన్నా ఆ నిర్ణయం ఎవరిది, దానికి ప్రజాప్రతినిధుల ముందు జవాబు చెప్పవలసింది ఎవరు అన్న ప్రశ్న ఢిల్లీలోని రాజ్యాంగ పండితులదని అనుకుంటాం. ఈ రోడ్డు పక్కన రోజూ షిఫ్టు దిగి ఇంటికి పోయే కుర్రవాడిది కూడా అది.

ఆ ప్రశ్న ఒకసారి కోర్టు దాకా వెళ్లింది. హైదరాబాద్‌లో తయారైన హెర్మిస్ డ్రోన్లు ఇజ్రాయెల్‌కు చేరాయని 2024 ఫిబ్రవరిలో పత్రికల్లో కథనాలు వచ్చాయి. గాజాలో యుద్ధం సాగుతున్న రోజులవి. ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపే కంపెనీల లైసెన్సులు రద్దు చేయాలని కొందరు మాజీ అధికారులు, విద్యావేత్తలు, సామాజిక కార్యకర్తలు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. సెప్టెంబరు 9న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టేసింది. విదేశాంగ విధానం నడపడం ప్రభుత్వం పని, అందులోకి కోర్టు దిగదు అన్నది ఆ ఉత్తర్వు సారాంశం. కోర్టు చేసింది సరైన పనే అని నా అభిప్రాయం. ఏ దేశానికి ఏ ఆయుధం అమ్మాలో న్యాయమూర్తులు తేల్చే పద్ధతి ఎవరికీ మేలు చేయదు. అయితే కోర్టు తన పని కాదన్నప్పుడు అది ఇంకెవరిదో అయి ఉండాలి. ప్రభుత్వాన్ని నిలబెట్టి లెక్క అడగగల చోటు మన రాజ్యాంగంలో ఇక పార్లమెంటే మిగులుతుంది. అక్కడ మనకు తెలుస్తున్నది మొత్తం విలువ మాత్రమే. రక్షణ ఎగుమతులు 2023-24లో 21,083 కోట్ల రూపాయలు, 2024-25లో 23,622 కోట్లు అని ప్రభుత్వం సంతోషంగా ప్రకటిస్తుంది. ఏ దేశానికి ఏ వస్తువు వెళ్లింది అని ఎంపీలు అడిగినప్పుడు మాత్రం వ్యూహాత్మక కారణాల వల్ల చెప్పలేమన్న జవాబే తరచుగా వస్తోంది.

సైన్యాన్ని నడిపే విషయంలోనూ పరిస్థితి దాదాపు ఇదే. రాజ్యాంగంలోని 53వ అధికరణ రక్షణ బలగాల సర్వాధిపత్యం రాష్ట్రపతికి ఇచ్చి, దాన్ని చట్టం ప్రకారం వినియోగించాలని చెప్పింది. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో మొదటి అంశం దేశ రక్షణ, పదిహేనో అంశం యుద్ధం, శాంతి. అంటే యుద్ధం గురించి చట్టం చేసే అధికారం నిస్సందేహంగా పార్లమెంటుది. 73వ అధికరణ ప్రకారం పార్లమెంటు చట్టం చేయగల విషయాలన్నిటి మీదా కేంద్రానికి కార్యనిర్వాహక అధికారం ఉంటుంది. పార్లమెంటు చట్టం చేయనంత కాలం ప్రభుత్వం చేతికి అడ్డు లేదు. డెబ్బై అయిదేళ్లు దాటినా, బలగాలను యుద్ధానికి పంపే నిర్ణయం ఎవరు, ఎలా తీసుకోవాలో, ఎప్పటిలోగా సభకు చెప్పాలో నిర్దేశించే చట్టం మనకు లేదు. సైనిక చట్టం ఉంది, వాయుసేన చట్టం ఉంది, నౌకాదళ చట్టం ఉంది. అవన్నీ సైనికుడి క్రమశిక్షణకు సంబంధించినవి. సైనికుణ్ణి పంపేవారి బాధ్యతకు సంబంధించింది ఒక్కటీ లేదు.

ఈ ఖాళీ ఎంత విచిత్రమైనదో పక్కన ఉన్న నియమాలు చూస్తే తెలుస్తుంది. బేరుబరి అనే చిన్న ప్రాంతంలో కొంత భాగాన్ని పాకిస్తాన్‌కు ఇవ్వాలని నెహ్రూ ప్రభుత్వం ఒప్పుకున్నప్పుడు, దేశ భూభాగాన్ని వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1960లో తేల్చింది. అందుకే తొమ్మిదో సవరణ వచ్చింది. బంగ్లాదేశ్‌తో సరిహద్దు గ్రామాలు మార్చుకోవడానికి 2015లో నూరో సవరణ చేయవలసి వచ్చింది. ఒక ఊరు ఇచ్చేయాలంటే పార్లమెంటులో మూడింట రెండు వంతుల మంది చేతులెత్తాలి. ఆ ఊరి కోసం వేల మంది ప్రాణాలు పణంగా పెట్టాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. అత్యవసరంగా చేసే పనులకు మన రాజ్యాంగం పెట్టిన పద్ధతి ఇంకా గమనించదగ్గది. సభ లేనప్పుడు ఆర్డినెన్సు తేవచ్చు, కానీ సభ మళ్లీ కూడిన ఆరు వారాల్లోగా ఆమోదం పొందకపోతే అది చెల్లదు. రాష్ట్రపతి పాలన పెట్టవచ్చు, రెండు నెలల్లోగా ఉభయ సభలూ ఒప్పుకోవాలి. యుద్ధం కారణంగా అత్యవసర పరిస్థితి ప్రకటించవచ్చు, 44వ సవరణ తరువాత నెల రోజుల్లోగా ప్రత్యేక మెజారిటీతో ఆమోదం కావాలి. ఆగంతుక నిధి నుంచి డబ్బు తీసినా తరువాత సభకు లెక్క చూపాలి. ముందు చెయ్యి, తరువాత వచ్చి చెప్పు అన్నదే అంతటా సూత్రం. దేశం చేసే పనుల్లోకెల్లా బరువైన యుద్ధానికి మాత్రం ఆ రెండో సగం రాయడం మరిచిపోయాం. ముందస్తు అనుమతి లేకపోయినా దేశం నడుస్తుంది. తరువాత చెప్పే బాధ్యత చట్టంలో లేకపోవడమే మన అసలు లోపం. ఆ లోపం ఎంత ఖరీదు చేసిందో హైదరాబాద్‌కు తెలిసినంతగా ఇంకే ప్రాంతానికీ తెలియదు.

1948 సెప్టెంబరు 13న తెల్లవారుజామున భారత సైన్యం సోలాపూర్ వైపు నుంచీ బెజవాడ వైపు నుంచీ హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ఆ చర్యకు ముందు ప్రభుత్వం చట్టసభను పూర్తిగా విస్మరించిందని అనలేం. రాజ్యాంగ పరిషత్తే అప్పుడు శాసనసభగా కూడా కూర్చునేది. హైదరాబాద్ మీద శ్వేతపత్రం వచ్చింది. సెప్టెంబరు 7న నెహ్రూ సభలో ప్రకటన చేసి, రజాకార్లను రద్దు చేయాలనీ, భారత సైన్యాన్ని సికింద్రాబాద్‌కు తిరిగి రానివ్వాలనీ నిజాంను కోరినట్టు చెప్పారు. యుద్ధానికి ముందు ప్రధాని సభలో నిలబడి షరతులు వివరించడం ఈ రోజు చూస్తే గొప్పగానే కనిపిస్తుంది. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ మనుషుల దౌర్జన్యాలు తెలంగాణ పల్లెల్లో ఏ స్థాయిలో సాగాయో తెలిసినవారెవరూ ఆ చర్య అవసరాన్ని తేలికగా కొట్టివేయలేరు. నేనూ కొట్టివేయడం లేదు. చర్య ముగిశాక ఏం జరిగిందన్నదే నా ప్రశ్న.

ప్రభుత్వం దాన్ని పోలీసు చర్య అంది. పేరులో న్యాయపరమైన ఫలితం ఉంది: యుద్ధమైతే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ప్రశ్న వస్తుంది. నిజాం ప్రభుత్వం ఫిర్యాదు అప్పటికే అక్కడికి చేరింది, సెప్టెంబరు 16న చర్చకు వచ్చింది. పోలీసు చర్య అయితే అది ఇంటి వ్యవహారం. రెండేళ్లు తిరక్కుండానే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కొరియా యుద్ధానికి ఇదే ముద్ర ఒప్పుకుని, కాంగ్రెస్ చేత యుద్ధ ప్రకటన చేయించకుండానే మూడేళ్ల పోరు మొదలుపెట్టాడు. ఇంటి వ్యవహారమని ముద్ర పడ్డాక హైదరాబాద్‌లో జరిగినదానికి లెక్క అడిగే సందర్భమే రాలేదు. సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా ముస్లింల మీద పెద్ద ఎత్తున హత్యాకాండ జరిగిందని వార్తలు వచ్చినప్పుడు పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో ప్రభుత్వం ఒక సౌహార్ద బృందాన్ని పంపింది. వారు జిల్లాలు తిరిగి, కనిష్ఠంగా లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా కట్టారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తిన్నాయన్నారు. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీల్లో పాల్గొన్నారని రాశారు. అదే నివేదికలో చాలా చోట్ల అధికారులు, హిందూ పొరుగువారు ముస్లింలను కాపాడిన సంగతీ ఉంది. ఆ అంకెను ఒప్పుకోనివారు ఉన్నారు. ఒప్పుకోవాలా వద్దా అన్నది తేలవలసింది సభలో, సాక్ష్యాల ముందు. నివేదిక ఏ సభ ముందుకూ రాలేదు. దాదాపు అరవై అయిదేళ్ల తరువాత, 2013 ప్రాంతంలో, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. అప్పటికి సాక్షులు దాదాపు లేరు.

హైదరాబాద్‌కు కేటాయించిన సీట్లు రాజ్యాంగ పరిషత్తులో ఖాళీగా ఉండేవని కూడా గుర్తుంచుకోవాలి. చర్య ఎవరి గడ్డ మీద జరిగిందో ఆ ప్రజల తరఫున అడిగే గొంతు ఆ సభలో లేదు. ఆ తరువాత సైన్యం తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచడానికి 1951 దాకా ఇక్కడే ఉండిపోయింది. నల్లగొండ, వరంగల్ అడవుల్లో జరిగినదానికీ సభలో సరైన లెక్క లేదు. 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిని దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు పంపారు. సభ అడగని ప్రశ్నను ఓటర్లు ఆ విధంగా అడిగారని నేననుకుంటాను. నివేదిక దాచడం వల్ల గాయం మానలేదు. ప్రతి సెప్టెంబరు 17న అది విలీనమా, విమోచనా, విద్రోహమా అని మనం ఇంకా తగువులాడుకుంటున్నాం. ఆ రోజుల్లోనే నివేదికను సభలో పెట్టి, నిందితులను గుర్తించి, బాధితులను ఆదుకుని ఉంటే ఈ తగువులో సగం చరిత్ర పుస్తకాలకు చేరి ఉండేది.

ఆ తరువాత దశాబ్దాల్లో పద్ధతి ఒక్కోసారి ఒక్కోలా సాగింది. దానికి కారణం చట్టం లేకపోవడమే: అంతా ఆనాటి ప్రధాని స్వభావం మీద ఆధారపడింది. 1962లో చైనా దాడి చేసినప్పుడు నెహ్రూ పార్లమెంటును ముందుగానే నవంబరు 8న సమావేశపరిచారు. యుద్ధం జరుగుతుండగానే లోక్‌సభలో 165 మంది మాట్లాడారు. ప్రభుత్వాన్ని చీల్చి చెండాడారు. నవంబరు 14న ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. రహస్య సమావేశం పెడదామన్న సూచనను నెహ్రూ ఒప్పుకోలేదు, ప్రజలకు తెలియాలన్నారు. అదే ప్రభుత్వం ఆ ఓటమి మీద వచ్చిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం బయటపెట్టలేదు, ఆ తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. 1971లో ఇందిరాగాంధీ మార్చి 31నే తూర్పు బెంగాల్ ప్రజలకు మద్దతుగా పార్లమెంటులో తీర్మానం చేయించారు. ఎనిమిది నెలల తరువాత యుద్ధం వచ్చేసరికి దేశం మనసు సభలో అప్పటికే నమోదై ఉంది. 1987లో రాజీవ్‌గాంధీ శ్రీలంకతో ఒప్పందం మీద సంతకం పెట్టిన వెంటనే శాంతి సేన బయల్దేరింది. సభ ముందస్తు ఆమోదం లేదు, కాలపరిమితి లేదు. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి దాదాపు 1,200 మంది మన సైనికులు పరాయి గడ్డ మీద ప్రాణాలు కోల్పోయారు. ఎప్పటికప్పుడు కారణం చెప్పి సభ చేత పొడిగింపు తీసుకోవలసి ఉంటే ఆ సేన అంత కాలం అక్కడ ఉండేది కాదని నా నమ్మకం.

కార్గిల్ వచ్చేసరికి అసలు లోక్‌సభే లేదు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో ఓడిపోయి, సభ రద్దయింది. ఆపద్ధర్మ ప్రభుత్వం యుద్ధం నడిపింది. రాజ్యసభ ఎప్పుడూ రద్దు కాదు కనుక దాన్నయినా పిలవమని ప్రతిపక్షాలు అడిగాయి, ప్రభుత్వం పిలవలేదు. అయితే ఆ ప్రభుత్వమే తరువాత ఒక మంచి పని చేసింది. కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘం వేసి, భద్రతకు ఇబ్బంది అనుకున్న భాగాలు తీసేసి, మిగతా నివేదికను 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టింది. గూఢచారి సంస్థలు ఎక్కడ విఫలమయ్యాయో దేశమంతా చదివింది. దాని వల్ల శత్రువు బలపడ్డాడని ఇంతవరకూ ఎవరూ చూపలేదు. సంస్కరణలు మాత్రం ఆ నివేదిక పేరు చెప్పుకునే జరిగాయి. 2003లో ఇరాక్ మీద అమెరికా దాడిని ఖండిస్తూ లోక్‌సభ ఏప్రిల్ 8న ఏకగ్రీవంగా తీర్మానించింది. అమెరికా మన సైన్యాన్ని ఇరాక్‌కు పంపమన్నప్పుడు ప్రభుత్వం జులైలో కుదరదంది. సభ తీర్మానం ప్రభుత్వానికి సంకెల అవుతుందన్న భయం అందరూ చెబుతారు. ఆ ఏడాది అది ప్రభుత్వానికి అండగా నిలిచింది.

ఇటీవలి కాలంలో ఈ సంప్రదాయం పలచబడింది. 2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దున గల్వాన్‌లో ఇరవై మంది సైనికులు చనిపోయారు. వారిలో బెటాలియన్‌కు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. ఆయన భౌతికకాయం 17న హకీంపేట వైమానిక స్థావరానికి చేరింది. సూర్యాపేట వీధుల్లో జనం బారులు తీరారు. 19న అఖిలపక్ష సమావేశం జరిగింది. పార్లమెంటు కూడింది సెప్టెంబరు 14న, అదీ కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల సమయం లేకుండా. రక్షణ మంత్రి ప్రకటన చదివారు. లోక్‌సభలో దాని మీద చర్చకు అవకాశం రాలేదు. తెలంగాణ బిడ్డ నాయకత్వం వహించిన పోరులో ఏం జరిగింది, ఏ హద్దు దాకా మన గస్తీ మిగిలింది అని తెలంగాణ నుంచి ఎన్నికైన 17 మంది లోక్‌సభ సభ్యుల్లో ఒక్కరికైనా సభలో నిలబడి అడిగి జవాబు రాబట్టే మార్గం లేకపోయింది.

2025 మేలో పాకిస్తాన్ మీద జరిపిన ఆపరేషన్ సిందూర్ సమయంలో ఈ లోటు మరింత స్పష్టమైంది. పహల్గాం హత్యల తరువాత ఏప్రిల్ 24న అఖిలపక్ష సమావేశం పెట్టారు. సభ్యుల సంఖ్య తక్కువున్న పార్టీలకు పిలుపు లేదని తనకు చెప్పారని హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ బహిరంగంగా అన్నారు. తరువాత హోంమంత్రి ఫోను చేస్తే ఆయన వెళ్లారు. ఆయన రాజకీయం నచ్చినా నచ్చకపోయినా ఇక్కడ చూడవలసింది ఒకటుంది: పార్లమెంటులో కూర్చోవడం ఎంపీ హక్కు, అఖిలపక్షంలో కూర్చోవడం ప్రభుత్వ దయ. అక్కడి మాటలకు రికార్డు ఉండదు, ఓటు ఉండదు. మే 7న దాడులు, 10న కాల్పుల విరమణ. ప్రత్యేక సమావేశం పెట్టమని ప్రతిపక్షాలు అడిగాయి, ప్రభుత్వం పెట్టలేదు. ఏడు అఖిలపక్ష బృందాలు మాత్రం విదేశాలకు వెళ్లాయి. ఒవైసీ, పురందేశ్వరి, హరీష్ బాలయోగి వంటి మన ఎంపీలు వాటిలో ఉన్నారు. పరాయి దేశాల చట్టసభ్యులకు, మంత్రులకు వారు ఆ చర్యను వివరించి వచ్చారు. మన లోక్‌సభలో చర్చ మొదలైంది జులై 28న. పరాయి సభలకు చెప్పగలిగిన సంగతి సొంత సభకు రెండున్నర నెలలు చెప్పలేకపోవడానికి భద్రత కారణం కాజాలదు. ఆ రోజుల్లోనే, మే 15న, శంషాబాద్ సహా తొమ్మిది విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేస్తున్న టర్కీ కంపెనీ సెలెబీకి భద్రతా అనుమతి రద్దయింది. కారణాలు కంపెనీకి చెప్పలేదు. ఢిల్లీ హైకోర్టు సీల్డు కవర్లో పత్రాలు చూసి జులైలో ఆ చర్యను సమర్థించింది. అది సబబే కావచ్చు. కానీ ఆ కవర్లో ఏముందో న్యాయమూర్తి చూడగలిగినప్పుడు, ఒక పార్లమెంటు సంఘం ఎందుకు చూడకూడదు?

ఇక ఆక్షేపణల సంగతి. శత్రువు దాడి చేస్తుంటే సభ పిలిచి చర్చ పెడతారా అన్నది మొదటిది. ఎవరూ అలా అనడం లేదు. సైన్యాన్ని వెంటనే కదిలించే అధికారం ప్రభుత్వం చేతిలో ఉండాల్సిందే. అమెరికా 1973లో నిక్సన్ వీటోను కాదని చేసిన యుద్ధాధికారాల తీర్మానం కూడా అధ్యక్షుడి చేతులు కట్టలేదు. 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలి, 60 రోజుల్లో అనుమతి రాకపోతే వెనక్కి రావాలి అంది. దాని బలహీనత మనకు పాఠం కావాలి. 2011లో లిబియా మీద బాంబులు వేస్తూనే అది ఆ చట్టం చెప్పే శత్రుచర్యల కిందికి రాదని ఒబామా ప్రభుత్వం వాదించింది. చర్యకు ఏ పేరు పెట్టాలన్నది ప్రభుత్వానికి వదిలేస్తే ఏ చట్టమైనా అలాగే జారిపోతుంది. 1948లో హైదరాబాద్‌లో జరిగిందీ అదే కనుక మన చట్టంలో కొలబద్ద పేరు కాకూడదు, పని కావాలి: సరిహద్దు దాటి ఆయుధం ప్రయోగించినా, సైనికులను పరాయి దేశానికి పంపినా, దేశంలోనే ఒక ప్రాంతం మీద సైనిక చర్య జరిపినా అది వర్తించాలి. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1994లో సైన్యాన్ని బయటికి పంపాలంటే పార్లమెంటు ఆమోదం కావాలంది. 2005లో దానికి చట్టం వచ్చింది. ఆపద ముంచుకొచ్చినప్పుడు ముందు పంపి తరువాత ఆమోదం తీసుకోవచ్చని ఆ చట్టమే ఒప్పుకుంది. జర్మనీ సైన్యం అఫ్గానిస్తాన్‌లో ఏళ్ల తరబడి పని చేసింది, ఎప్పటికప్పుడు సభ అనుమతి కొత్తగా తీసుకుంటూనే.

రెండోది గోప్యత. దీనికి కార్గిల్ నివేదిక జవాబు చెప్పేసింది. తలుపులు మూసి కూర్చునే వీలు లోక్‌సభ నియమాల్లో ఇప్పటికే ఉంది. సైనికుల మనోబలం దెబ్బ తింటుందన్న మాటకు 1962 నవంబరు చర్చే సమాధానం. అప్పుడు మంచు కొండల్లో చలి దుస్తులు లేకుండా పోరాడుతున్న జవాన్ల తరఫున సభ్యులు సభలో అడగబట్టే వారి అవస్థ దేశానికి తెలిసింది. తమను పంపిన నిర్ణయం మీద ఎవరూ ప్రశ్న వేయకూడదని ఏ సైనికుడూ కోరలేదు. ప్రశ్న వేయకపోవడం వల్ల లాభపడేది పంపినవారే.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ వేరే ఉంది. అమెరికాలో అధ్యక్షుడు, కాంగ్రెస్ విడివిడి. మన దగ్గర సభలో మెజారిటీ ఉన్నవాడే ప్రధాని. ఇక ఓటింగు పెడితే ఏం, పెట్టకపోతే ఏం, ఫలితం ముందే తెలుసు కదా అంటారు. దీన్ని తోసిపుచ్చలేం. బ్రిటన్‌లో 2013 ఆగస్టు 29న సిరియా మీద దాడికి కామెరాన్ ప్రభుత్వం అనుమతి అడిగితే 272 మంది ఔనన్నారు, 285 మంది కాదన్నారు. అధికార పక్షం సభ్యులే కొందరు ఎదురు తిరిగారు, దాడి ఆగిపోయింది. కానీ 2018లో థెరిసా మే సభను అడక్కుండానే సిరియా మీద క్షిపణులు వేసింది, ఎందుకంటే అక్కడ ఉన్నది సంప్రదాయం మాత్రమే, చట్టం కాదు. మన దగ్గర ఇంకో అడ్డంకి ఉంది. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. బ్రిటన్ సభ్యుడు చేసిన తిరుగుబాటు మన సభ్యుడు చేయలేడు. దినేష్ గోస్వామి కమిటీ 1990లోనే అనర్హతను విశ్వాస పరీక్షల వంటి వాటికే పరిమితం చేయమని సూచించింది, ఎవరూ పట్టించుకోలేదు. అందుకే సైనిక చర్యల మీద ఓటింగుకు విప్ వర్తించకూడదని అంటున్నాను. అది కుదిరే దాకా ఓటు కన్నా చర్చకూ, నివేదికకూ ఎక్కువ విలువ ఇస్తాను. మెజారిటీ ఓటును ముందే నిర్ణయించగలదు. సభలో మంత్రి కావాలనే అబద్ధం చెప్పాడని తరువాత తేలితే అది సభా హక్కుల ఉల్లంఘన అవుతుంది, రికార్డులో నిలిచిపోతుంది. 1948లో మనకు దొరకనిది ఆ రికార్డే.

డబ్బు మంజూరు చేసేది సభే కదా, అది చాలదా అని అడిగేవారూ ఉన్నారు. ఇక్కడ తెలుగు ఎంపీలు తమ వంతు బాధ్యత తీసుకోవాలి. 2018 మార్చిలో ప్రత్యేక హోదా కోసం తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు, రిజర్వేషన్ల కోసం టీఆర్ఎస్ సభ్యులు పోడియం చుట్టూ నిలబడి ఉండగా, ఆ గందరగోళంలోనే లోక్‌సభ రక్షణ శాఖ సహా అన్ని శాఖల పద్దులనూ చర్చ లేకుండా ఆమోదించింది. వారి డిమాండ్లు న్యాయమైనవే. కానీ సైన్యం మీద సభకున్న పాత పట్టు పద్దుల చర్చే, అది కూడా చేజారింది. రక్షణ శాఖకు 1993 నుంచి స్థాయీ సంఘం ఉంది, మంచి నివేదికలే ఇస్తుంది. అయితే రోజువారీ పాలన జోలికి పోకూడదని నియమాలు దాన్ని కట్టేశాయి. ఒక ఆపరేషన్ ఎలా నడిచింది, ఏ డ్రోను ఏ దేశానికి పోయింది అన్నవన్నీ ఆ కట్టు కిందికి తోసేయడం సులువు.

కనుక చేయవలసింది చట్టం. సైనిక చర్య మొదలైన వారంలోగా సభలో ప్రకటన, సభ లేకపోతే పక్షం రోజుల్లో సభ పిలవడం, రెండు నెలలకు మించి సాగితే విప్ లేని ఓటింగు, ముగిసిన ఏడాదిలోగా భద్రతా భాగాలు తీసేసిన నివేదిక. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం కింద ఆయుధాల ఎగుమతికి ఇచ్చే లైసెన్సుల జాబితా, దేశాల పేర్లతో, స్థాయీ సంఘం ముందు ఏటా పెట్టడం. అప్పుడు ఆదిబట్లలో బిగించిన మర ఎక్కడ తేలిందో కనీసం ఆ సంఘంలోని ముప్పై ఒక్కమంది సభ్యులకు తెలుస్తుంది. దీన్ని తేవలసింది ప్రభుత్వమే. ప్రైవేటు సభ్యుల బిల్లులు స్వాతంత్ర్యం తరువాత పద్నాలుగే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. ప్రభుత్వం తేకపోతే ఇంకో దారి ఉంది. 118వ అధికరణ తన నియమాలు తానే రాసుకునే అధికారం ప్రతి సభకూ ఇచ్చింది. ప్రకటన గడువు, చర్చ గడువు, స్థాయీ సంఘం మీది కట్టు సడలింపు, ఈ మూడూ నియమాల సవరణతో అయిపోతాయి. శంషాబాద్, రావిర్యాల చేవెళ్ల లోక్‌సభ స్థానంలో ఉన్నాయి, ఆదిబట్ల భువనగిరిలో ఉంది. ఆ రెండు స్థానాల సభ్యులు, ఏ పార్టీ వారైనా, స్పీకరుకు ఆ సవరణ నోటీసు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.